పొయ్యి వెనుక జానెడు సందు

కుసుమంచి పరిసరాల్లో పాలేరు నీటితో పండిన వరి కోతలు ముగిశాక, పొలంలో తిండి కరవైన ఎలుకలు ఇళ్లవైపు మళ్లుతాయి. వంటింట్లో అవి చేరేది మన చేయి దూరని చోటుకే. గట్టును రోజూ తళతళలాడేలా తుడిచే మనం పొయ్యి వెనుక, ఫ్రిజ్ కింద, సిలిండర్ పక్కనున్న సందులను మాత్రం పండుగ సున్నాల దాకా వదిలేస్తుంటాము. అక్కడి జిడ్డుకూ మెతుకులకూ వచ్చిన ఎలుక గ్యాసు గొట్టాన్నీ కొరుకుతుంది. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేలబారునే నిలుస్తుంది.

పడుకునే ముందు దీపాలు ఆర్పమనీ, ఎలుక వత్తిని లాగి ఇంటిని తగలబెట్టవచ్చనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మన ఇళ్లలో నేడు ఆ వత్తి స్థానంలో ఉన్నది ఈ గొట్టమే.

వారానికొకసారి రెగ్యులేటర్ కట్టేసి, చల్లారిన పొయ్యిని ముందుకు జరపాలి. పొడవాటి కర్రకు పాతగుడ్డ చుట్టి, వేడి సబ్బునీటిలో ముంచి, పిండి, సందులో రెండు మూడుసార్లు ఆడిస్తే జిడ్డు వదులుతుంది. ఫ్రిజ్‌కు ముందుగా ప్లగ్గు తీయాలి. దాన్ని జరపడం ఇంట్లోని మగవారి వంతు. పని ముగిశాక రెగ్యులేటర్ తెరిచి, గొట్టం పొడవునా సబ్బు నురగ రాయాలి. బుడగలు లేస్తే లీకున్నట్లే. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటును వెంటనే మానాలి. గొట్టాన్ని 5 ఏళ్లకొకసారి మార్చాలి, పంటిగాటు కనబడితే ఆనాడే. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చినీ ముట్టక, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి 1906కు ఫోన్ చేయాలి.