తట్ట దించుకొన్న చోట



పర్చూరు వైపు పల్లె నుండి యొక సోదరి గడచిన మాసమున నాకు జాబు వ్రాసినది. కల్లములో ఆరబోసిన మిరపకాయ అకాలవర్షమునకు తడిసి తాలుకాయ యైనదట. కౌలు చెల్లింపవలెను. పురుగుమందుల దుకాణములో పద్దు పెరుగుచున్నది. పెనిమిటి రాత్రులు నిద్రలేక వాకిట కూర్చుండుచున్నాడు. "నేను దినదినమును ప్రార్థించితిని. దానికి ఫల మిదియేనా? ఈ మాట మా సంఘములో నెవరితోనైన ననుటకు భయముగా నున్నది" అని యామె యడిగినది.

వాక్యము నొకదానిని చూపి యామె నోరు మూయించుట సులభమే. 2021-22లో నల్ల తామరపురుగు మన మిరపచేలను పాడుచేసినపుడు, ఇంటింటికిని పోయి యట్టి సులభపు మాటలు చెప్పినవారిలో నేనును ఒకతెను. విన్న స్త్రీలు తలలూపిరి, అంతియే. కావున ఈసారి మన సీమలో జరిగిన సంగతి యొకటి చెప్పెదను.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు చెంతనున్న కొండపై అయిదుగురు మోకరించిరి. అమెరికను బాప్తిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ఒక తెలుగు సోదరుడు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలే యని మీరు గమనింపవలెను. ఒంగోలునకు బోధకు నొకని పంపుమని వారు వేడుకొనిరి. అప్పటికి నెల్లూరు మిషనునే మూసివేయుదమా యని అమెరికాలో తర్కించుచుండిరి. కొండ దిగివచ్చినపుడు ఊరిలో ఏమియు మారలేదు. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టునప్పటికి 1866వ సంవత్సరము వచ్చెను. పండ్రెండేండ్లు!

ఆ పిమ్మట పదియేండ్లకు వానలు తప్పెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది దీనినే. 1876 మొదలు 1878 వరకు జనులు ఆకులలములు తిని, ఊళ్లు విడిచి, త్రోవలలో పడి చనిపోయిరి. ప్రార్థించినవారిలోను చనిపోయినవారు గలరు. దీనిని దాచి యేమి ప్రయోజనము? క్లౌ దొర ప్రార్థనతో నూరకుండలేదు. దొరతనమువారు కరువుపనిగా త్రవ్వించుచుండిన బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును తాను గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. వచ్చినవారిలో మాదిగవారు పెక్కుమంది. ఇతరచోట్ల అంటరానివారని యీసడింపబడిన వారికి ఇచ్చట బోధకులే మేస్త్రీలైరి.

పురుషులు మన్ను త్రవ్వగా స్త్రీలు తట్టల కెత్తుకొని గట్టుమీదికి మోసిరి. విరామవేళ తట్టలు దించినపుడు ఆ బోధకులు వారి నడుమ కూర్చుండి మాటలాడెడివారు. ప్రయాసపడి బరువులు మోయువారిని తనయొద్దకు రమ్మని క్రీస్తు పిలిచిన పిలుపును వారు మరల మరల చెప్పిరి. గుడిలో విసనకఱ్ఱ విసరుకొనుచు నే నా మాటను ఎన్నిమారులు వింటినో లెక్కలేదు. నెత్తిమీద చుట్టకుదురు తీసి ప్రక్కన పెట్టుకొని, చెమట తుడుచుకొనుచు విన్న ఆ స్త్రీకి అది యెట్లు వినబడెనో! విరామము తీరగానే తట్ట మరల నెత్తి కెక్కెను. బరువు తగ్గలేదు. అయినను ఆమెను మనిషిగా ఎంచి ప్రక్కన కూర్చున్నవా డొకడుండెను.

ఆ దినములలో పెక్కుమంది బాప్తిస్మమడిగిరి. క్లౌ దొర ఈయలేదు. అన్నముకొఱకు మతమున చేరిరను మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు సహాయము ముగిసినది, ఇక ధనము లేదు అని తెలిపిన పిమ్మటనే తలుపు తెఱచెను. అప్పుడును వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులవారీగా, 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. అందఱును ఆ సంఖ్యనే చెప్పుకొందురు. నాకు మాత్రము, పుచ్చుకొనుటకేమియు లేదని తెలిసియు నడచివచ్చిన ఆ త్రోవయే యెక్కువ ముచ్చటగా తోచును.

జాబు వ్రాసిన సోదరికి: అమ్మా, నీవడిగిన ప్రశ్న పాపము కాదు. కీర్తనల గ్రంథములో అట్టి మొఱలు చాలగలవు. వానిని పాడువారు సంఘములో నీ మొఱను విని యేల బెదరవలెను? నీ పెనిమిటిని వాకిట ఒంటరిగా విడువకుము. ఆ పద్దుపుస్తకమును ఇద్దరును కలిసి విప్పుడు. నిద్రలేమి సంగతి వైద్యునితో చెప్పించుము. అది సిగ్గుపడవలసిన మాట కాదు. వచ్చు గురువారము స్త్రీల కూడికకు నేను మీ వైపు వచ్చుచున్నాను. కూడిక ముగిసిన తరువాత మీ యింటికి వచ్చెదను. మజ్జిగ చాలును, వంట పెట్టుకొనవలదు.