అయిదు నిమిషముల సంప్రదాయము

మన సంఘముల ఉత్సవములలో “సంప్రదాయమును కాపాడవలెను” అను మాట వినబడని సంవత్సరము లేదు. ఆ మాట పలికిన నోటితోనే “జనము సినిమాపాటలే కోరుచున్నారు, మేమేమి చేయగలము?” అని నిట్టూర్చుటయు కలదు. ఈ రెండవ మాట నిజము కాదని నా వాదము. జనము పేరు చెప్పి మన బద్ధకమును మనము కప్పిపుచ్చుకొనుచున్నాము.

ఇందుకు దృష్టాంతమును అమెరికాలోని ఒక కొండసీమనుండి తెచ్చుచున్నాను. మన ఇంటివారిని చూపినచో ఎవరును చెవినిడరు. పొరుగింటి పుల్లకూర రుచి గదా!

వర్జీనియా రాష్ట్రపు నైరృతి కొండలలో 1927లో రాల్ఫ్ స్టాన్లీ జన్మించెను. తల్లి బాంజో అను తంత్రీవాద్యమును వాయించెడిది. అయిదు డాలర్లకు పంది కావలెనా, బాంజో కావలెనా యని ఆమె అడుగగా, రెండింటికి సొమ్ము లేనందున ఆ బాలుడు బాంజోనే కోరుకొనెనట. తొలిపాట నేర్పినదియు ఆమెయే. వారి ప్రార్థనామందిరమున వాద్యములు నిషిద్ధములు. ఒకరు చరణము నందింపగా తక్కినవారు కలిసి పాడుదురు. మన భజనగోష్ఠులకు ఇది క్రొత్త గాదు.

1946లో అన్న కార్టర్‌తో కలిసి ఆయన బృందమును స్థాపించి, బ్రిస్టల్ రేడియోలో పాడసాగెను. 1950ల నడుమ రాక్ అండ్ రోల్ వెల్లువ బ్లూగ్రాస్ గాయకుల జీవనమును దెబ్బతీసెను. 1966 డిసెంబరులో కార్టర్ మరణించెను. ఇక పాడుటయా, మానుటయా యని తమ్ముడు సందేహించుచుండగా, మానవద్దని శ్రోతలు ఉత్తరములు వ్రాసిరి. ఆయన మానలేదు. పైగా ప్రార్థనామందిరమున వాద్యములు లేకుండ పాడు పాతపద్ధతిని వేదికమీదికి తెచ్చెను. 2000లో ఒక చలనచిత్రము ఆయనచే అట్టి పాటనే పాడించుకొన్నది. దానికే 2002లో, 75 ఏండ్ల వయసున, గ్రామీ బహుమానము లభించినది. సినిమా కొరకు ఆయన మారలేదు. సినిమాయే ఆయన వాకిటికి వచ్చినది. 2016లో కన్నుమూయునాటికి ఆ గానజీవితము దాదాపు 70 ఏండ్లది.

గమనింపుడు: బహుమానము చివర వచ్చినది. మొదట తల్లి యున్నది, నడుమ శ్రోతలున్నారు. ఆ రెండును లేనిచో చివరిది లేదు.

“ఆయన వృత్తిగాయకుడు, మన ఇండ్లలోని ముసలమ్మలతో పోలిక యేమి?” అని కొంద రడుగవచ్చును. ఆయనకు రేడియో, రికార్డులు, ఊరూర సభలు కూడు పెట్టినవి. మన పాటగాండ్రకు, పాటగత్తెలకు మనము శాలువ తప్ప ఏమి పెట్టితిమి? పోలిక కుదరకుండుటకు కారకులము మనమే.

ఇతరులను నిందించుటకు ముందు నా తప్పు చెప్పుకొందును. ఉద్యోగవిరమణానంతరము మా సంఘపు కార్యక్రమపట్టిక వ్రాయు పని నాకు పడినది. ఒక ఉగాదికి ఎనుబది యేండ్ల అవ్వగారు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుటకు వచ్చిరి. జీవితమంతయు గుమాస్తాగిరి చేసిన చేయి గదా, ఆమె పేరున అయిదు నిమిషములు వ్రాసితిని. లక్ష్మణుడు ఊర్మిళ గడప చేరకమునుపే గంట మ్రోగెను. ఆమె నమస్కరించి దిగిపోయిరి. తరువాతి అరగంట సినిమాపాటలకు ఇచ్చితిని. మరుసటి ఉగాదికి ఆమె లేరు. పాట పుస్తకములలో దొరకును. ఆమె పాడిన వరుస దొరకదు.

నాలుగు తరములుగా పరభాషాసీమలలో నున్న మన పిల్లలకు బడి తెలుగు నియ్యదు, బజారు నియ్యదు. లాలిపాట, తలుపుదగ్గరి పాట, అప్పగింతల పాట — ఇవియే మన పాఠశాలలు. కావున నేను కోరునవి మూడు. ఇట్టివారికి పూర్తిగా ఒక గంట ఇయ్యుడు. వారి ప్రక్కన మనుమలను కూర్చుండబెట్టి చరణము నందుకొననిండు. శాలువతో సరిపుచ్చక సంభావన చేతికిండు. అప్పటికిని జనము లేచిపోయినచో, అపుడు జనమును నిందింతము.

వచ్చే ఉగాదికి పట్టిక వ్రాయువారు కలము పట్టినపుడు, నేను మ్రోగించిన ఆ గంటను ఒక్కసారి తలచుకొందురు గాక!