చవక లాప్‌టాప్ ఇచ్చి చేతులు దులుపుకుంటే చదువొస్తుందా?

2005 నవంబరు. ట్యునీసియా రాజధాని ట్యునిస్‌లో ఐక్యరాజ్యసమితి సదస్సు. వేదిక మీద సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్, పక్కన అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ స్థాపకుడు నికొలాస్ నెగ్రొపాంటె. వాళ్ల ముందర ఆకుపచ్చ రంగు బుల్లి లాప్‌టాప్. కరెంటు లేని ఊళ్లో కూడా నడవాలని దానికో చేతిపిడి. తిప్పితే చాలు, ఛార్జింగ్ అవుతుందన్నారు. ధర వంద డాలర్లేనన్నారు. పేద దేశాల్లో ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒకటి ఇస్తే చదువుల రాతే మారిపోతుందన్నారు. అన్నన్ ఆ పిడిని తిప్పబోతే అది ఊడి చేతికొచ్చింది.

2007లో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన యంత్రానికి ఆ పిడి లేదు. వంద డాలర్ల ధరా లేదు. దాదాపు 190 డాలర్లయింది.

ఈ ముచ్చట చెప్పేది యంత్రాన్ని ఎగతాళి చేయడానికి కాదు. నిజానికి అది మంచి యంత్రం. ఎర్రటెండలో కూడా అక్షరం కనబడే తెర. దుమ్ముకు ఓర్చుకునే రబ్బరు కీబోర్డు. ఎవరికీ రాయల్టీ కట్టనక్కరలేని లైనక్స్. పక్కపక్కన కూర్చున్న పిల్లల లాప్‌టాప్‌లు తీగ లేకుండానే ఒకదానితో ఒకటి కలిసే ఏర్పాటు. బీద పిల్లలు కదా అని పాత సామాను అంటగట్టకుండా, వాళ్ల కోసమే కొత్తగా ఆలోచించి చేసిన వస్తువు. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. మరి తప్పెక్కడ జరిగింది?

పెరూ దేశాన్ని చూడండి. ఈ లాప్‌టాప్‌లను అందరికన్నా ఎక్కువ కొన్నది ఆ దేశమే. ఎనిమిది లక్షలకు పైగా కొన్నది. ఇంట్లో నాలుగు పుస్తకాలు కూడా లేని పల్లె పిల్లలకు ఒక్కో లాప్‌టాప్‌లో 200 పుస్తకాలు పెట్టి ఇచ్చింది. 319 గ్రామీణ పాఠశాలల్లో ఫలితాలను పరిశీలించి ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2012లో నివేదిక ఇచ్చింది. లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరగలేదు. ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం కొంత మెరుగు కనిపించింది. అయితే పదేళ్ల తర్వాత మళ్లీ చూసేసరికి ఆ మెరుగు కూడా నిలవలేదు. కంప్యూటర్ వాడటం మాత్రం వచ్చింది.

ఎందుకిట్లా? టీచర్లకు ఇచ్చింది 40 గంటల శిక్షణ. చాలా బడుల్లో ఇంటర్నెట్టే లేదు. బట్టీ చదువు బట్టీ చదువుగానే ఉంది. పిల్లవాడి చేతిలో యంత్రం పెడితే వాడే నేర్చుకుంటాడు, టీచరు అడ్డం రాకుంటే చాలన్న ధీమా అమెరికాలో కూర్చున్నోళ్లది. ఆ ధీమాకు మూల్యం చెల్లించింది మాత్రం అండీస్ కొండల్లోని పిల్లలు.

ఇప్పుడు అదే ఖండంలోని ఉరుగ్వేకు పోదాం. హైదరాబాద్ నగర జనాభాలో సగమే ఉండే చిన్న దేశం. 2007లో అధ్యక్షుడు తబారె వాస్కెస్ 'ప్లాన్ సెయిబాల్' మొదలుపెట్టాడు. 2009 కల్లా సర్కారు ప్రాథమిక బడిలో చదివే ప్రతి ఒక్కరికీ లాప్‌టాప్ అందింది. యంత్రం అదే. కానీ దానికో ప్రత్యేక సంస్థ, బడిబడికీ ఇంటర్నెట్, చెడిపోతే బాగుచేసే ఏర్పాటు కూడా వచ్చాయి. అక్కడ కూడా మార్కులు అమాంతం పెరగలేదు, అబద్ధం ఎందుకు! కానీ 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు ఆ పదమూడేళ్ల కష్టం అక్కరకొచ్చింది. పాఠాలు పంపడానికి వేదిక, చూడటానికి పిల్లల దగ్గర యంత్రం అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ ఏడు సెప్టెంబరులో మన రాష్ట్రంలో యాదగిరి చానల్, టీ-శాట్ పాఠాలు మొదలైనప్పుడు టీవీ ముందు, అన్న ఫోను ముందు వంతులేసుకుని కూర్చున్న పిల్లలను చూసినవాళ్లకు ఆ తేడా ఏందో చెప్పనక్కరలేదు.

మరి మన ఢిల్లీ పాలకులు ఏం చేశారు? 2006లో కేంద్ర మానవ వనరుల శాఖ ఈ లాప్‌టాప్‌లు వద్దన్నది. మాకు ముందు కావాల్సింది తరగతి గదులు, టీచర్లు అన్నది. మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ మాట అన్నవాళ్లే మూడేళ్లు తిరక్కుండా అంతకన్నా చవక యంత్రం వెంట పడ్డారు. 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో 'పది డాలర్ల లాప్‌టాప్' విడుదలంటూ దేశమంతా మోగించారు. తీరా చూస్తే అది లాప్‌టాపే కాదు, తెర కూడా లేని చిన్న డబ్బా! 2011 అక్టోబరులో 'ఆకాశ్' టాబ్లెట్ వచ్చింది. మన హైదరాబాద్‌లోనే బిగించారు. విద్యార్థులకు సబ్సిడీ మీద 1,750 రూపాయలన్నారు. నిదానంగా నడిచే ప్రాసెసర్, గట్టిగా నొక్కితే గానీ పలకని తెర, రెండు మూడు గంటలకే చేతులెత్తేసే బ్యాటరీ. కొన్నేళ్లకు దాని ఊసే లేకుండా పోయింది.

ఇందులో కుట్ర వెతకనక్కరలేదు. జబ్బు ఒక్కటే. ధర చెప్పుకుంటే పేపర్లో హెడ్డింగ్ వస్తుంది. టీచరు పోస్టు భర్తీ చేస్తే నెలనెలా జీతమివ్వాలి. యంత్రం ఒక్కసారి ఖర్చు, ఒక ఫొటో. చదువు మాత్రం ఏటేటా పెట్టాల్సిన పెట్టుబడి.

అట్లని 'ముందు పంతులు, తర్వాతే కంప్యూటర్' అనే వాదాన్ని కూడా కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. కార్పొరేట్ బడి పిల్లవాడిని రెండిట్లో ఏదో ఒకటి కోరుకోమని ఎవరన్నా అడుగుతారా? వాడికి పంతులూ ఉంటాడు, కంప్యూటరూ ఉంటుంది. ఆ రెండిట్లో ఒకటే తీసుకోమనే బేరం సర్కారు బడి పిల్లలకే ఎందుకు? కూలోళ్ల బిడ్డకు రెండూ హక్కే. పంతులు లేని బడికి కంప్యూటర్ పంపడం ఎంత మోసమో, పంతులున్నాడు కదా కంప్యూటర్ ఎందుకనడం అంతే మోసం.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, రేపు ఏ సర్కారైనా, ఏ కంపెనీ అయినా బడి పిల్లలకు టాబ్లెట్లు పంచుతామని వస్తే ధర ఎంతని అడగకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? పాఠం పిల్లల భాషలో ఉందా? బడికి ఇంటర్నెట్ బిల్లు ఎవరు కడతారు? కొనేముందు టీచర్లను ఒక్కమాటన్నా అడిగారా?

ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మాట. యంత్రం మన కొలువు తీస్తుందన్న భయం వద్దు. పెరూ తేల్చి చెప్పింది అదే కదా, పంతులును పక్కనబెడితే ఎంత మంచి యంత్రమైనా చదువు చెప్పలేదని. కానీ బీరువాలో తాళమేసి పెట్టిన కంప్యూటర్‌కు మనమూ జవాబుదారులమే. తాళం తీయండి. రానిది పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకోండి. సర్కారును నిలదీసే హక్కు అప్పుడే మనకు గట్టిపడుతుంది.