లిబియా కోసం మోకరిల్లి, బస్తర్ దగ్గర మౌనమా?

నవంబరు వస్తే లోకంలో చాలా చర్చిలు ఒక ఆదివారాన్ని హింస పొందుతున్న సంఘం కోసం ప్రార్థించడానికి కేటాయిస్తాయి. సికింద్రాబాద్‌లో చదువుకో, ఉద్యోగానికో వచ్చి ఉంటున్న మన ఆదివాసుల్లో చర్చికి వెళ్ళేవాళ్ళూ ఆ రోజు మోకరిస్తారు, కానుక వేస్తారు.

మంచి పనే. 2015లో లిబియా సముద్రతీరాన గొంతులు కోసి చంపిన 21 మంది పొట్టకూటికి వలస వెళ్ళిన కూలీలు. పాకిస్తాన్‌లో ఆసియా బీబీ పొలం కూలీ. ఆమె నీళ్ళ గిన్నె ముట్టిందన్న గొడవ దైవదూషణ కేసుగా మారింది. 2010లో మరణశిక్ష పడింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు నిర్దోషి అని తేల్చింది. గిన్నె ముట్టుకుంటే మైల అనే మాట మనకు కొత్తా? ఆ బాధ మనకు అర్థమవుతుంది. ఆమె కోసం ప్రార్థించడం తప్పని మేం అనడం లేదు. అది చాలదంటున్నాం.

సికింద్రాబాద్‌లో రైలెక్కి భద్రాచలం రోడ్డులో దిగి, చింతూరు దాటితే కుంట వస్తుంది. అక్కడి నుంచి బస్తర్. అక్కడివాళ్ళది మన కోయ మాటే, మన గోండు మాటే. 2022 డిసెంబరులో నారాయణపూర్ ప్రాంతంలో క్రైస్తవులైన ఆదివాసులను ఊళ్ళ నుంచి తరిమితే, వందల మంది స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో చర్చిని ధ్వంసం చేశారు. 2025 జనవరిలో బస్తర్ జిల్లాలో ఒక పాస్టరు శవం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. సొంత ఊళ్ళో పూడ్చనివ్వలేదు. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానమే దక్కింది.

విదేశం కోసం ప్రార్థిస్తే మనల్ని ఎవరూ ఏమీ అనరు. పక్క జిల్లా గురించి నోరు విప్పితే అడిగేవాళ్ళుంటారు. మన మౌనానికి కారణం దూరం కాదు, భయం.

‘కులదేవతల్ని వదిలినవాళ్ళ కోసం మనమెందుకు మాట్లాడాలి?’ అంటారు కొందరు. 2014లో బస్తర్‌లోని సిరిస్‌గూడ గ్రామసభ హిందూయేతర మతాల ప్రార్థనలనూ ప్రచారాన్నీ నిషేధించింది. ఆ మాటను జాగ్రత్తగా చదవండి. పెర్సపేన్‌ను కొలిచే గోండు ఏ మతం కింద లెక్క? ఇలవేల్పుకు కొలుపు చేసే కోయ ఏ మతం? ఈ రోజు సిలువ మీద పడ్డ వేటు రేపు వేల్పు మీద పడదని హామీ ఎవరిస్తారు? 1996 పెసా చట్టం మన భూమినీ అడవినీ కాపాడుకోవడానికి వచ్చింది. మనవాణ్ణి మన ఊళ్ళోంచి వెళ్ళగొట్టడానికి కాదు.

మతం మారినవాళ్ళను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్న డిమాండూ వినిపిస్తోంది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతే లేదు. తెగ పుట్టుకతో వచ్చింది.

పాస్టర్లకూ ఒక మాట. మన వేల్పును దెయ్యమని, మన డోలును పాపమని చెప్పే బోధ ఊరిని రెండుగా చీల్చింది. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛ వడ్డెకూ ఉంది, పాస్టరుకూ ఉంది. తనకు అడిగే గౌరవాన్ని ఎదుటివాడికి ఇవ్వనివాడు హింస గురించి మాట్లాడితే ఎవరు వింటారు?

టీచర్లారా, 25వ అధికరణాన్ని, పెసాను పిల్లలకు కలిపి చెప్పండి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ నవంబరులో లిబియా పేరు తలిచే నోటితోనే నారాయణపూర్ పేరూ తలవండి. చర్చికి వెళ్ళనివాళ్ళు కూడా పక్కన నిలబడండి. శవానికి ఆరడుగుల నేల అడగడానికి ఏ మతమూ అక్కర్లేదు.