నెమ్మదిగా నడిచిన ఊళ్లు



గత వేసవిలో మేము దంపతులమిద్దరము జర్మనీ దేశములోని లైప్‌జిగ్ నగరములో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లి వచ్చాము. ఉద్యోగ విరమణ నాడు చేతికి వచ్చిన డబ్బులో కొంత ఇందుకోసమే తీసి ఉంచుకున్నాము. మా అల్లుడుగారు ముందుగానే ఒక పట్టిక వేసి పెట్టారు. పది రోజులలో తొమ్మిది ఊళ్లు! ఏ రైలు ఎక్కాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో అన్నీ అందులో ఉన్నాయి. ఎంతో ప్రేమతో వేసిన పట్టిక అది.

మొదటి రెండు రోజులలో మూడు ఊళ్లు చూశాము. చూశాము అనుటకంటె దాటాము అనుట సత్యము. రెండవ రాత్రి ఫోటోలు తిరగేస్తుంటే ఏ గుడి ఏ ఊరిలోదో మాకే తెలియలేదు. ఈలోగా మాలో ఒకరికి మోకాళ్లు వాచిపోయాయి. మూడవ రోజు ఉదయము "ఇక మావల్ల కాదు నాయనా" అని చెప్పవలసి వచ్చింది. అల్లుడుగారు చిన్నబుచ్చుకున్నారు. టిక్కెట్ల డబ్బు పోయింది. ఆ పూట ఇంటిలో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. మా ఏడేళ్ల మనవరాలు మాత్రము ఏదో అడుగుతూనే ఉంది. ఆమెకు తెలుగు రాదు, మాకు జర్మను రాదు. మోకాళ్ల నొప్పికంటె ఆ బాధే మాకు ఎక్కువ.

సాయంకాలము అందరము కూర్చొని మూడే ఊళ్లు మిగుల్చుకున్నాము. ఒక రోజు తిరుగుట, మరుసటి రోజు ఇంటి పట్టున ఉండుట అని నిశ్చయించుకున్నాము.

మొదట విట్టెన్‌బర్గ్. ఎల్బా నది ప్రక్కనున్న చిన్న పట్టణము. లూథరుగారు కాపురమున్న ఇంటినుండి కోట దేవాలయము వరకు రమారమి ఒక కిలోమీటరు ఉంటుంది. ఆ నడకకు మాకు పూటంతా పట్టింది. 1517 అక్టోబరు 31న ఆయన 95 వాదాంశాలను మేకులు కొట్టి తగిలించాడని చెప్పుకునే కొయ్య తలుపు ఇప్పుడు లేదు. అది 1760లో యుద్ధములో కాలిపోయింది. 1858లో పెట్టిన కంచు తలుపుల మీద ఆ వాదాంశాలను లాటిను భాషలో పోతపోశారు. లోపల లూథరుగారి సమాధి, ఆయన సహచరుడు మెలంక్తనుగారి సమాధి ఉన్నాయి.

ఆయన ప్రసంగించిన ఊరి దేవాలయము వెలుపల, గోడమీద పైగా, యూదులను పందితో కలిపి హేళన చేసే పాత శిల్పము ఒకటున్నది. అది లూథరుగారికంటె ముందటిదే. అయితే 1543లో ఆయన కూడా యూదుల మీద ఘోరమైన మాటలు వ్రాశాడు. ఆ శిల్పము క్రింద నేలమీద 1988లో ఒక జ్ఞాపక ఫలకము పెట్టారు. హతులైన అరవై లక్షల యూదులను అది గుర్తు చేస్తుంది. తొందరలో ఉంటే మేము తల ఎత్తి చూసేవారము కాము. మనము గౌరవించే పెద్దల తప్పును కూడా దాచకుండ చూపించే ఊరు అది. అక్కడ చాలాసేపు మౌనముగా నిలబడ్డాము.

రెండవది ఐసెనాఖ్. సంగీతకారుడు బాఖ్ 1685లో పుట్టిన ఊరు. పైన కొండమీద వార్ట్‌బర్గ్ కోట ఉన్నది. చక్రవర్తి ఆగ్రహమునకు గురియైన లూథరుగారు 1521 మే నుండి 1522 మార్చి వరకు అక్కడ మారుపేరుతో, గడ్డము పెంచుకొని దాగి ఉన్నాడు. సుమారు పదకొండు వారాలలో క్రొత్త నిబంధనను గ్రీకు నుండి జర్మను భాషలోనికి తెచ్చాడు. ఆ గది మన పల్లెలోని పాఠశాల గదికంటె పెద్దది కాదు. బల్ల, కుర్చీ, కాలు పెట్టుకొనుటకు తిమింగలపు వెన్నుపూస, అంతే. సాతాను మీదికి ఆయన సిరాబుడ్డి విసిరాడని ఒక కథ ఉన్నది. ఆ మరకను చూడ వచ్చినవారు జ్ఞాపకార్థమని గోడను గీకి గీకి పట్టుకుపోయారట! పుస్తకమును విడిచి మరకను ఇంటికి తీసుకుపోయే గుణము మనలోనూ ఉన్నదేమో అనిపించింది.

మూడవది హాలె. ఇది మాకు బంధువుల ఊరువంటిది అని వెళ్లేవరకు మాకు తెలియదు. ఫ్రాంకెగారు 1698లో ఆరంభించిన అనాథ శరణాలయపు భవనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఇక్కడ చదువుకున్న జీగెన్‌బాల్గుగారే 1706లో తరంగంబాడికి వచ్చాడు. 1719లో వచ్చిన బెంజమిను షుల్జుగారు మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి అనువదించాడు. ఆ అనువాదము అచ్చుకు రాలేదు. కాని ఆయన 1743లో తిరిగి వెళ్లిన తరువాత, 1746, 1747 సంవత్సరాలలో, తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ఈ హాలెలోనే వెలువడ్డాయి.

ఈ సంగతిని మా అమ్మాయి జర్మనులో మనవరాలికి చెప్పింది. పాప కాసేపు ఆలోచించి ఏదో అడిగింది. "అంతదూరమునుండి ఆయన తాతయ్య భాష నేర్చుకున్నాడా? మరి నాకెందుకు రాదు?" అన్నదట. మా అమ్మాయి తల వంచుకొన్నది. ఆమెనని ఏమి లాభము? ఫోనులో మేము కూడా పాపతో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకునేవారమే. ఆవరణలో చెట్టు నీడన బల్లమీద కూర్చొని, టిక్కెట్టు వెనుక పాప పేరు తెలుగులో వ్రాసి ఇచ్చాము. తరువాత అ, ఆ. రెండు గంటలు అక్కడే గడిచిపోయాయి. హాలెలో చూడవలసినవి సగము చూడలేదు. మాకేమీ చింత లేదు. టిక్కెట్లు పోయిననాడు ముఖము ముడుచుకున్న అల్లుడుగారే ఆ కాగితమును జేబులో భద్రపరచుకున్నారు.

విదేశయాత్ర అందరికి వీలుపడదని మాకు తెలుసు. తమిళనాడులోని తరంగంబాడి మనకు దగ్గరే. 1718లో కట్టిన క్రొత్త యెరూషలేము దేవాలయము అక్కడ ఇంకను ఉన్నది. ఎక్కడికి వెళ్లినా పట్టికలో సగము కొట్టివేయండి. పెద్దల మోకాళ్లను, పిల్లల ప్రశ్నలను లెక్కలో చేర్చుకోండి. మార్త పరుగులు పెట్టిన ఇంటిలోనే మరియ కూర్చున్నది గదా.

ఇప్పుడు ప్రతి శనివారము పాప ఫోనులో మాకు తెలుగు చదివి వినిపిస్తున్నది. ఇప్పటికి గుణింతముల వరకు వచ్చింది.