ముందు గాలానికి చిక్కేది చేప కాదు

మా నిజామాబాద్, బోధన్ నౌజవాన్లకు కొత్త బీమారీ పట్టుకుంది. చెరువు గట్టుకు పోవాలంటే వెయ్యి రూపాయల విదేశీ ఎర ఉండాలట! వంద రూపాయల రబ్బరు కప్ప తెచ్చినవాడికి షౌక్ తెలియదట. సరాసర్ జూఠ్!

కొర్రమట్ట ధర చూడదు భాయ్. నీటిపైన ఏదో గిలగిలలాడితే చాలు, దూకుతుంది. వానాకాలం బురద నీళ్లలో ఆ రంగులు, మెరుపులు దానికి ఎంత కనపడతాయి? ఆ రంగులు దుకాణంలో నిలబడ్డ మన కోసం.

"ఖరీదైన దానికి ముల్లు పదును, ఈత సాఫ్" అంటారు. సహీ. కానీ ముల్లుకు ఆకురాయితో పదును పెట్టొచ్చు, రింగుకు వేలాడేదైతే మార్చేయొచ్చు. మిగిలిన పైసలతో గట్టి దారం కొనండి. రాళ్లలో ఇరుక్కుంటే వంద పోవడం మేలా, వెయ్యి పోవడమా?

ఫిన్లాండ్‌లో లారీ రాపాలా అనే గరీబ్ జాలరి 1936లో తన మొదటి ఎరను బెండుతో చెక్కాడు. పైన చుట్టింది చాక్లెట్ రేకు. పూసింది కరిగించిన ఫోటో నెగటివ్. ఇవాళ ఆ పేరు మీదే దునియా అంతా ఖరీదైన ఎరలు అమ్ముతున్నారు!

2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ ఎన్నో ఇళ్లలో రూపాయి రూపాయికీ హిసాబ్ ఉంది. అందుకే అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్: బచ్చా వెయ్యి అడిగితే ఇజ్జత్‌కా సవాల్ అనుకోకండి. వంద ఇవ్వండి, సబర్ నేర్పండి. గట్టు మీద పనికొచ్చేది అదే.