మూడు స్కూపుల లెక్క

"మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు, బరువు 60 కిలోలు. జిమ్‌కు వెళుతూ రోజుకు మూడు స్కూపుల వే ప్రొటీన్ త్రాగుతున్నాడు. ఇంత వంటికి పడుతుందా?" అని ఒక సోదరి మాకు వ్రాశారు. డబ్బా కొన్న నెల ఇంట్లో పాలు తగ్గించుకోవలసి వస్తున్నదని ఉత్తరం చివర చేర్చారు. మమ్మల్ని ఎక్కువగా బాధించినది ఆ చివరి మాటే.

వే అంటే పాలు విరిచి పనీరో, చీజో తీసినప్పుడు మిగిలే తేటనీరు. దానిని వడపోసి ఎండబెడితే ఈ పొడి వస్తుంది. చీజ్ తయారీలో కొన్నిచోట్ల దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్ వాడతారు. కనుక డబ్బాపై హలాల్ ముద్ర చూసుకోవడం మంచిది. 30 గ్రాముల స్కూపులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి.

ఒక్క పూటకు 30 గ్రాములకు మించి శరీరం గ్రహించలేదని జిమ్‌లలో చెప్పుకుంటారు. అది సరికాదు. ఎక్కువ తింటే ప్రేగులు ఎక్కువసేపు తీసుకుంటాయి గాని దాదాపు అంతా గ్రహిస్తాయి. హద్దు ఉన్నది కండ నిర్మాణంలో. అక్కడ అవసరం తీరాక మిగిలినది ఇంధనంగా ఖర్చవుతుంది, లేదా కొవ్వుగా చేరుతుంది. దానిలోని నత్రజనిని కాలేయం యూరియాగా మార్చితే మూత్రపిండాలు బయటికి పంపుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగనిదే ఈ పొడిని ముట్టరాదు.

ఇక లెక్క. పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. ఈ అబ్బాయికి 50 గ్రాములన్నమాట. బరువులెత్తేవారికి ఇంకా కావాలి. అయితే కిలోకు 1.6 గ్రాములు, అంటే 96 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో సగటున చెప్పుకోదగిన లాభం కనబడలేదు. కండల కోసం పొడులు వాడవద్దనే ఆ సంస్థ 2024 నాటి మార్గదర్శకాలు సూచించాయి.

అతని పళ్ళెం చూద్దాం. మూడు పూటల అన్నం, రొట్టెలలో 24 గ్రాములు, రెండు గిన్నెల పప్పులో 14, రెండు గ్రుడ్లలో 12, రెండు గ్లాసుల పాలలో 13. మొత్తం 63. కోడికూర 150 గ్రాములు తిన్న రోజున మరో 30 చేరి 93 అవుతుంది. ఆనాడు డబ్బా మూత తీయనవసరమే లేదు. కూర లేనినాడు ఒక్క స్కూపు చాలు. మూడు స్కూపులంటే 72 గ్రాములు! రమజానులోనూ ఇదే లెక్క. ఇఫ్తారుకు, సహరీకి పంచుకుంటే సరి.

సోదరి వ్రాయలేదు గాని, ఆ ఇంట్లో దాదీ ఉంటే ఆమె పళ్ళెం కూడా చూడమంటాము. వృద్ధాప్యంలో కండ తరుగుతుంది గనుక వారికి కిలోకు 1 నుండి 1.2 గ్రాములు కావాలని పలువురు నిపుణులంటారు. పళ్ళు లేక చారన్నంతో సరిపెట్టుకునే ఆమెకు ఆ రెండు గ్లాసుల పాలు, ఒక మెత్తని గ్రుడ్డు, కాస్త ఖీమా ఎంతో అవసరం. ముందు ఆ మానిపించిన పాలు తిరిగి తెప్పించండి.